దిగుడుబావికి మొదటి పని

పొద్దున ఆఫీసులో కూర్చున్నది మొదలు సాయంత్రం దాకా తల ఎత్తకుండా పని చేస్తున్నా, అసలు చేయవలసిన పని మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోతోందని మొన్న ఒక అమ్మాయి నా దగ్గర వాపోయింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల. శ్రద్ధ ఉంది, చదువు ఉంది, బద్ధకం లేదు. అయినా మాట్లాడుతూ ఉంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమెకు ఏం చెప్పాలో నాకు అప్పటికప్పుడు తోచలేదు. ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంటూ ఉంటే పుంగనూరు అవతలి దిగుడుబావి గుర్తుకొచ్చింది. ఆమెకూ, ఆమెలాగే ఉక్కిరిబిక్కిరి అవుతున్న మీ అందరికీ ఆ బావి సంగతి చెబుదామని కూర్చున్నాను.

నేను మదనపల్లెలో హెల్త్ ఇన్‌స్పెక్టరుగా చేరేనాటికి రెండో ప్రపంచ యుద్ధం ఇంకా నడుస్తోంది. కిరసనాయిలు, గుడ్డ, సిమెంటు, ఏది కావాలన్నా పర్మిటు కావాలి. బస్సులు వెనక బొగ్గు పొయ్యి తగిలించుకొని ఆ గ్యాసుతో నడిచేవి. పుంగనూరు బస్సు కాస్త ఎత్తు వస్తే చాలు, ఆయాసపడి నిలబడిపోయేది. మేమంతా దిగి ముందుకు నడిచేవాళ్లం. అది మెల్లగా వచ్చి మమ్మల్ని కలుసుకునేది. మా పని ఏమిటంటే, సంతలు జరిగేచోట తాగే నీళ్లు చూడడం, బావుల్లో మందు కలపడం, మశూచికి టీకాలు వేయించడం, ప్లేగు తగిలితే ఊరి జనాన్ని పొలాల్లోని గుడిసెలకు మార్పించడం. ఇవన్నీ సైకిలు మీదే.

ఆఫీసు అంటే రెండు గదులు, ఒక వరండా. మా పైఅధికారి అరవం మాట్లాడే ఇంట పుట్టి, తెలుగు పుస్తకాల నుంచి నేర్చుకున్న మనిషి. మమ్మల్ని 'నాయనలారా' అని పిలిచేవారు. కోపం వచ్చినప్పుడు కూడా ఆ పిలుపు మారేది కాదు. ఆయనకు ఒక నల్లబల్ల ఉండేది. దాని మీద పైన 'చేయవలసినవి' అని రాసి, కింద వరసగా పనులు రాసేవారు. ఎవరైనా ఒక పని చేసుకొని వస్తే, తన ఉత్తరీయం కొసతో ఆ వరసను తానే తుడిచేవారు. ఆయన భుజం ఎప్పుడూ సుద్దపొడితో తెల్లగా ఉండేది. ఆ తుడవడం చూడటం మాకూ ఇష్టమే. నిజం చెప్పాలంటే, సాయంత్రానికి తుడిపించుకోగల పనులే మేము ముందుగా ఎంచుకునేవాళ్లం.

ఒక్క వరస మాత్రం చెరిగేది కాదు. 'దిగుడుబావి మెట్లు మూయించుట' అన్నది. గాలికీ, వచ్చేపోయేవాళ్ల చేతులకూ సుద్ద మాసిపోతుంది కదా. ప్రతి సోమవారం మా అధికారి ఆ అక్షరాల మీదే మళ్లీ సుద్ద దిద్దేవారు. అందుచేత బల్ల మీద అన్నిటికంటే పాతదైన ఆ వరసే అన్నిటికంటే కొత్తగా మెరుస్తూ కనబడేది.

ఆ బావి పుంగనూరు నుంచి చౌడేపల్లె పోయే దోవలో ఒక చిన్న ఊళ్లో ఉండేది. ఊరంతటికీ తాగే నీళ్లు అవే. ఆ ఊళ్లో నారికురుపు ఉండేది. మీరు దాన్ని చూసి ఉండరు, చూడకపోవడమే మంచిది. ఎండాకాలంలో కాలి మీద బొబ్బ లేస్తుంది. నిప్పు పెట్టినట్టు మండుతుంది. బొబ్బ చిట్లి లోపలి నుంచి తెల్లని దారం లాంటి పురుగు తల బయట పెడుతుంది. ఆ మంటకు తాళలేక మనిషి బావి మెట్లు దిగి చల్లని నీళ్లలో కాలు పెడతాడు. ఆ క్షణంలో పురుగు తన పిల్లలను నీళ్లలోకి వదులుతుంది. కంటికి ఆనని వాటిని ఊరంతా తాగుతుంది. ఏడాది తిరిగేసరికి వాళ్లందరి కాళ్లలోనూ మళ్లీ పురుగు. మెట్లు మూసేసి, పైనుంచి తోడుకునే చేదబావిగా మారిస్తే నీళ్లలో ఎవరి కాలూ పడదు. నివారణ అంతే. మాకు అందరికీ తెలిసిందే.

నేను మొదటిసారి ఆ ఊరు పోయినప్పుడు ఒక సేద్యగాడు ఇంటి అరుగు మీద పడుకొని ఉన్నాడు. ముప్పై దాటని మనిషి. గుంజకు కట్టిన అతని ఎద్దులు ఎదురుగా నెమరు వేస్తున్నాయి. కాలికి చుట్టిన గుడ్డలోంచి చిన్న పుల్ల కనబడుతోంది. ఆ పుల్లకు పురుగును రోజుకు కాస్త చొప్పున చుట్టాలి. తొందరపడి లాగితే తెగిపోతుంది. తెగితే కాలు వాచి చీము పడుతుంది.

"వాన పడిందయ్యా" అన్నాడతను నన్ను చూసి. "శెనక్కాయ విత్తనం ఇంట్లో ఉండాది. ఎద్దులుండాయి. నేనే లేను."

ఆ మాట నా మనసులో ఉండిపోయింది. మదనపల్లె రాగానే సిమెంటు కోసం రాశాను. పర్మిటు లేదని జవాబు వచ్చింది. మళ్లీ రాశాను. ఇంజనీరుకు రాయమన్నారు, ఆయనకూ రాశాను. ఆ ఎండాకాలం పోయింది, వానలు పోయాయి, ఇంకో ఎండాకాలం కూడా వచ్చి పోయింది. మా అధికారి అడిగినప్పుడల్లా "సిమెంటు రాలేదు సార్" అనేవాణ్ణి. ఆయన నిట్టూర్చి సుద్దముక్క తీసేవారు.

యుద్ధం ముగిసిన ఆ వానాకాలంలోనే కుప్పం నుంచి, ఇల్లిల్లూ తిరిగి కాన్పులూ పసిపిల్లల సంగతీ చూసే హెల్త్ విజిటరు ఒకరు బదిలీ మీద మా ఆఫీసుకు వచ్చారు. నలభై దాటిన మనిషి. భర్త పోయాక మద్రాసు వెళ్లి చదువుకొని ఉద్యోగంలో చేరారు. కుప్పం వాళ్లలాగే తెలుగు, అరవం, కన్నడం మూడూ మాట్లాడేవారు. కోపం వస్తే మూడూ కలిసిపోయేవి. నేను ఆమెను అక్కా అనేవాణ్ణి.

వచ్చిన రోజే బల్ల ముందు నిలబడ్డారు.

"ఆ బావి మాటేందప్పా? దానికొక్కదానికే అంత సుద్ద పూసినారు."

"అది పెద్ద పనక్కా. సిమెంటు రావల్ల."

"వచ్చేదాకా నువ్వేం చేస్తావు?"

"ఇంకోసారి రాస్తాను."

"రాస్తే వస్తాదా?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"అది కాదప్పా. రేపు పొద్దున లేస్తావు. సైకిలెక్కుతావు. ఆ బావి కోసరం నీ సైకిలు యాడికి పోతాది? ఆడికి పొయినాక నీ చేతులు ఏం చేస్తాయి? అది చెప్పు."

సంతకు పోయి నీళ్లు చూడమంటే నా సైకిలుకు దోవ తెలుసు. మందు కలపమంటే నా చేతులకు తెలుసు. బావి మూయించమంటే మాత్రం ఎటు తిరగాలో తెలియలేదు. ఆ తెలియకపోవడాన్నే ఇన్నాళ్లూ సిమెంటు అని పిలుస్తున్నాం కాబోలు.

ఆమె అక్కడే కుర్చీ లాక్కొని కూర్చొని కుప్పంలో తాను చూసిన మొదటి కాన్పు గురించి చెప్పారు. పెద్ద ఇల్లు, ఇంటినిండా జనం. బిడ్డ అడ్డం తిరిగింది. 'కాన్పు చేయించల్ల, కాన్పు చేయించల్ల' అని అందరూ అరుస్తున్నారు, అటూ ఇటూ పరుగెత్తుతున్నారు.

"పొయ్యి మీద నీళ్లు పెట్టినోళ్లు ఒగరు లేరప్పా. నాకూ చేతులు ఆడలేదు. కాన్పు అనేది పని మాదిరి ఉంటాది గానీ, దాన్ని ఎవురూ చేసేదానికి కాదు. నీళ్లు కాగబెట్టేది పని. చేతులు కడుక్కొనేది పని. దీపం దగ్గరికి తెచ్చేది పని. ఇవన్నీ ఒగటెనకొగటి చేస్తే కాన్పు అయితాది. నేను ఒగామెను పిలిచి నీళ్లు పెట్టమన్నాను. అంతే, ఇంట్లో అరుపులు తగ్గిపొయినాయి."

"తల్లీ బిడ్డా?" అన్నాను.

"తల్లి బతికింది" అన్నారు.

వరండాలోంచి మా అధికారి అంతా విన్నారు. లోపలికి వచ్చారు. ముఖం ఎర్రబడి ఉంది. "అమ్మా, ఇంతకాలంగా నేను దిద్దుతున్నది పనియే కాదందురా?"

"పని కాదు సార్" అన్నారామె మెత్తగానే. "అది మనకు కావల్సింది. కావల్సింది వేరే, చేసేది వేరే. రెండూ ఒగే బల్ల మీద కలిపి రాస్తే, చిన్నవన్నీ తుడుచుకుంటా పెద్దదాన్ని సూసి దండం పెట్టుకుంటా ఉంటాము."

ఆయన గొడుగు తీసుకొని వెళ్లిపోయారు. ఆమెకు ఆయన సంగతి తెలియదు, ఇక రోజూ గొడవే అని నేను భయపడ్డాను. మరునాడు నేను వచ్చేసరికి బల్ల మధ్యగా నిలువు గీత ఉంది. ఎడమవైపు 'కావలసినవి', కుడివైపు 'చేయవలసినవి'. ఎడమవైపు బావి. కుడివైపు దానికి ఎదురుగా 'బావి యెవరిదో కనుగొనుట' అని ఉంది. ఆయన చేతిరాతే.

అన్ని కాగితాలు రాసిన మాకు బావి ఎవరిదో తెలియదు!

అది ఊరిది కాదు. ఊళ్లో ఒక అవ్వది. ఆమె భర్త తన పొలంలో సొంతంగా తవ్వించి, నీళ్లు ఊరి వాడకానికి వదిలి కాలం చేశాడు. అక్కా నేనూ కలిసి ఆమె ఇంటికి వెళ్లాం. పురుగు గురించి, నీళ్ల గురించి నేను పెద్ద ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాను. అవ్వ మజ్జిగ ఇచ్చి, అంతా విని, తల అడ్డంగా ఊపింది.

"పురుగు మాట నాకు తెలీదు నాయనా. మెట్లు మాత్రం మూసేదానికి లేదు. బావి తవ్వేటప్పుడు చేదబావి చాలంటే ఆయన వినలే. దోవన పొయ్యే మనిషి చేతిలో తాడుంటాదా, బొక్కెనుంటాదా అనె. దిగి దోసిలితో తాగి పోవల్ల అనె. మెట్లు మూస్తే దప్పికతో వచ్చినోడు నీళ్లు కండ్లతో సూసి గూడా తాగలేక పోతాడు గదా. ఆ ఉసురు ఆయనకు తగలదా?"

సిమెంటు బస్తాలు ఆ రోజే వచ్చి ఉంటే మేస్త్రీతో సహా ఆమె గడప దగ్గరే ఆగిపోయేవి.

"అవ్వా, దోవన పొయ్యేటోడికి తాడూ బొక్కెనా ఆడనే ఉంటే?" అని అక్క అడిగారు.

"రెండు దినాలకు ఎత్తకపోతారు."

"ఇనుప గొలుసుతో గిలకకు బిగిస్తే?"

అవ్వ ఆలోచనలో పడింది. "పశువులకో? అవీ దిగి తాగుతాండాయి."

"పక్కన రాతితొట్టి కట్టిస్తాము."

"బిడ్డా, ఇదంతా మీరు చేస్తారా, చెప్పి పోతారా?"

"నేను చెప్పేది రేపటి పనొక్కటే అవ్వా. రేపు ఈ అబ్బాయి పుంగనూర్లో కమ్మరిని అడిగొస్తాడు, గొలుసు చేసేదానికి అవుతాదా అని. ఆయన అవుతాదంటే ఎల్లుండి నీకొచ్చి చెప్తాడు."

అంత చిన్న మాట విని అవ్వ ముఖంలో నమ్మకం వచ్చింది. మేము పెద్ద మాటలు చెప్పి ఉంటే వచ్చేది కాదనుకుంటాను.

పుంగనూరు కమ్మరి ఒక సాయిబు. గొలుసు ఎందుకో విని, పాత బండిచక్రాల పట్టాలు ఏరి తీసి, "నీళ్ల పని అంటిరి గదా సాబ్, గట్టిగానే చేస్తా" అన్నాడు. సిమెంటు చిక్కు తెగ్గొట్టింది మా అధికారే. ఒకనాడు హఠాత్తుగా, "నాయనలారా, మా తాతగారి ఇంటి గోడలు సున్నముతో కట్టినవే, నేటికిని చెక్కుచెదరలేదు. మనమెందుకు సిమెంటునే పట్టుకొని వేలాడుచున్నాము?" అన్నారు. అంతే, సిమెంటు అనే మాట మా ఆఫీసులో మళ్లీ వినబడలేదు. సున్నం ఎవరు కాలుస్తారో కనుక్కోవడం ఒక రోజు పని. అవ్వ చేనులోని గుండురాయిని బండలుగా చీల్చడానికి ఒడ్డెవాళ్లను మాట్లాడడం ఇంకో రోజు పని. దేనికదే నా సైకిలుకు దోవ తెలిసిన పని. బల్ల మీద కుడివైపు రోజూ ఏదో ఒకటి చెరుగుతూ ఉండేది. ఎడమవైపు బావి కదలకుండా ఉన్నా ఎవరికీ గుండె బరువుగా అనిపించలేదు.

చలి తగ్గి, బావిలో నీళ్లు తగ్గిన రోజుల్లో గోడ లేచింది. రాళ్లు మోసినవాళ్లలో ఆ సేద్యగాడు కూడా ఉన్నాడు. కూలికి రాలేదు. "ఇది నా కాలి పని గదయ్యా" అన్నాడు. చివరి బండలు పెట్టే ముందు అవ్వ ఒక్కతే గోడ పట్టుకొని మెల్లగా మెట్లు దిగింది. దోసిలితో నీళ్లు తీసుకొని ముఖం కడుక్కుంది. పైకి వచ్చి కొంగుతో తుడుచుకుంటూ, "ఇంగ మూయండి" అంది.

మదనపల్లెలో మా అధికారి ఉత్తరీయం రెండు మడతలు పెట్టి మరీ తుడిచారు. ఎడమవైపు ఖాళీ అయింది. అందరికీ కోవా తెప్పించారు. పని అయిపోయిందని అందరమూ అనుకున్నాం.

వైశాఖంలో ఆ ఊరి నుంచి కబురు వచ్చింది. కబురు కాదు, మంట. ఊళ్లో నారి మళ్లీ బయటపడింది. పోయిన ఏడాదికి ఏమీ తక్కువ కాదు. గోడ పగలగొట్టేస్తామంటున్నారు.

అక్కా నేనూ వెళ్లేసరికి మిట్టమధ్యాహ్నం. బావి చుట్టూ జనం. సేద్యగాడు గడ్డపార పట్టుకొని, దాని మీదే బరువు మోపి నిలబడ్డాడు. ఎడమ చీలమండ దగ్గర బొబ్బ చిట్లి ఉంది. నన్ను చూడగానే మొదలుపెట్టాడు.

"బావి మూస్తే నారి పోతాదంటిరే! యాడికి పొయ్యింది? నా కాల్లోకే వచ్చింది. రాళ్లు మోసినాను గదయ్యా! అంత కష్టం యాల చేయిస్తిరి? కాలు మండితే నీళ్లలో పెట్టుకొనేదానికి గూడా లేకుండా చేస్తిరి గదా!"

వెనక నుంచి ఇంకెవరో "పగలగొట్టుప్పా" అన్నారు. చెప్పవలసిన జవాబు నాకు తెలుసు. ఇది ఈ ఏడాది నీళ్ల పురుగు కాదు, గోడ కట్టకముందు తాగిన నీళ్లది. లోపల ఏడాదిపాటు పెరిగి ఇప్పుడు బయటికి వచ్చింది. ఈ సంగతి ముందే చెప్పి ఉండవలసింది. మాకు బాగా తెలిసిన మాట కాబట్టి వాళ్లకూ తెలుసనుకున్నాం. ఇప్పుడు ఆ గడ్డపార ఎదుట నిలబడి చెబితే తప్పించుకునే మాటలా ఉంటుంది. ఈ గొడవ సర్దాలి, ఈ గొడవ సర్దాలి అని నా బుర్రలో అదే తిరుగుతోంది. కుప్పంలో 'కాన్పు చేయించల్ల' అని అరిచినవాళ్లకూ నాకూ తేడా లేదు.

అక్క జనం వైపు చూడలేదు. గోడ వైపు చూడలేదు. నేరుగా పోయి అతని కాలి దగ్గర కూర్చున్నారు.

"గడ్డపార పక్కన పెట్టి కూర్చోప్పా. మండే కాలితో ఎంత సేపు నిలబడతావు? కూర్చుంటే నేను కాలు సూస్తాను. గోడ యాడికీ పోదు, నువ్వు ఆమీద పగలగొట్టచ్చు."

అతను ఒక నిమిషం ఆమెను చూసి కూర్చున్నాడు. నన్ను నీళ్లు తోడమన్నారు. గొలుసు గలగలమంది. తెచ్చిన నీళ్లు అతని కాలి మీద ధారగా పోస్తూ ఉంటే అతను కళ్లు మూసుకున్నాడు. ఆ నీళ్లు బావిలోకి కాక దూరంగా మట్టిలోకి పోయేలా ఆమె కాలువ తీశారు. మెల్లగా పురుగు తల పట్టి పుల్లకు చుట్టడం మొదలుపెట్టారు. చేతులు పని చేస్తూ ఉండగానే, తల ఎత్తకుండా, అందరికీ వినబడేలా అన్నారు.

"ఈ ఎండాకాలం నారి వస్తాదని మాకు తెల్సు. మీకు చెప్పకపోవడం నా తప్పు. గోడ తప్పు కాదు."

గుంపులో గుసగుసలు లేచాయి. అప్పుడు అవ్వ ముందుకు వచ్చింది. ఆమె కూడా కోపంతోనే వచ్చింది.

"మీ మాట విని ఆయన కట్టించిన మెట్లు మూయిస్తిని బిడ్డా. ఈ ఊరి సంగతి అట్లుండనీ. నా మనవరాలికి గూడా వచ్చిందంట. వాల్మీకిపురం నుంచి నిన్న మనిషొచ్చి చెప్పె. దానికి ఆడ ఎవురు దిక్కు?"

అక్క చేతులు ఆగాయి. "వాల్మీకిపురంలో ఇంకా ఎవురికైనా వచ్చిందా అవ్వా?"

"లేదంట. దానికొక్కదానికే."

"అది ఈ ఊరు ఇడిచి ఎప్పుడు పోయింది?"

"వానలప్పుడు పెండ్లి చేసి పంపిస్తిమి గదా."

"మళ్లీ వచ్చిందా? ఈ బావి నీళ్లు తాగిందా?"

"యాడొచ్చింది? అప్పట్నుంచి ఆ ఊరి నీళ్లే..." అంటూనే అవ్వ ఆగిపోయింది. ఆ ముడతల ముఖంలో ఆలోచన కదలడం నేను ఎదుట నిలబడి చూశాను. ఆమె మెల్లగా జనం వైపు తిరిగింది.

"ఆ ఊళ్లో ఎవురికీ లేదు. ఆ నీళ్లలో నారి లేదు. ఇది ఈడ తాగిన నీళ్లే కడుపులో మోసుకొని పోయింది. పోయిన ఎండాకాలం తాగింది." అరచేతులు తిప్పి చూసుకుంది. "అయ్యో, నా చేత్తోనే కదా దానికి ముంచి పోసింది."

అక్క పుల్లకు గుడ్డ చుట్టి కట్టు కట్టారు. లేచి సేద్యగాడి భుజం మీద చెయ్యి వేశారు.

"ఇంకొక్క ఎండాకాలం చూడప్పా. అప్పుడు గూడా వచ్చిందంటే, నీతో పాటు నేనూ గడ్డపార పట్టుకుంటాను."

అతను కట్టు తడిమి చూసుకున్నాడు. "ఇంకో ఏడాదా" అన్నాడు చివరికి. ఒప్పుకున్నట్టు అనలేదు, అలసిపోయినట్టు అన్నాడు. గడ్డపార మాత్రం అక్కడే వదిలేసి, భార్య భుజం పట్టుకొని కుంటుకుంటూ ఇంటికి పోయాడు. మిగతావాళ్లు ఒక్కొక్కరే కాళ్లు చాపుకొని వరసగా కూర్చున్నారు. అక్కా నేనూ సాయంత్రం దాకా కట్లు కట్టాం. మరునాడే ఆమె కట్టుగుడ్డలు తీసుకొని వాల్మీకిపురం వెళ్లారు. అవ్వ మనవరాలి కాలు నయం కావడానికి వానలు రావలసి వచ్చింది.

ఆఫీసుకు వచ్చి జరిగింది చెబితే మా అధికారి కోప్పడలేదు. ఖాళీగా ఉన్న ఎడమవైపు ముందు నిలబడి, "మనము తప్పు రాసితిమి నాయనా" అన్నారు. "మనకు కావలసినది గోడ కాదు." ఆయన సుద్దముక్క తీసి, ఒక్కొక్క అక్షరమే ఆలోచిస్తూ రాశారు: 'ఆ యూరిలో కాలికి కట్టు లేని వేసవి.' కుడివైపు మళ్లీ చిన్న చిన్న పనులు వచ్చాయి. గిలకకు నూనె వేయించడం, గొలుసు అరిగిందేమో చూడడం, అవ్వ ఇంటి దగ్గర ఆడవాళ్లను కూర్చోబెట్టి పురుగు ఎన్ని నెలలు లోపల దాగి ఉంటుందో చెప్పడం. ఏవీ గొప్ప పనులు కావు. అందులో ఒక్కటి మరచినా ఎవరో ఒకరు ఏ తాడో పట్టుకొని నీళ్లలోకి దిగేవాళ్లు.

పిల్లలూ, నేను ఉద్యోగంలో నేర్చుకున్నదంతా దాదాపు ఇదే. కావలసినదాన్ని చాలా పెద్దదిగా కోరుకోండి, భయపడకండి. అయితే దాన్ని అలాగే ఎదురుగా పెట్టుకొని కూర్చోకండి. మీ చేతులు రేపు ఏం చేస్తాయో మీకు తెలియకపోతే, మీ దగ్గర ఉన్నది ఇంకా పని కాదు, కోరిక. మీరు బద్ధకస్తులని కాదు. ఆ కోరికను ఎవరితోనూ కూర్చొని ఇంకా విప్పలేదని. ఈ తేడా తెలియక మంచి మనుషులు తమను తాము నిందించుకోవడం నేను చాలా చూశాను. మా అధికారి కూడా ఆ వరస దిద్దినప్పుడల్లా లోలోపల అదే బాధ పడేవారని, ఉద్యోగం విరమించిన రోజున నాతో చెప్పారు.

మరుసటి ఎండాకాలానికి ముందే అక్కను కుప్పానికి తిరిగి బదిలీ చేశారు. బస్సెక్కేటప్పుడు ఆమె ఒక్కటే మాట అన్నారు. "నువ్వొకడివే పొయ్యి సూసి రావల్ల. భయపడి పోకుండా ఉండబాక."

నిజంగానే భయపడ్డాను. ఎండలు ముదిరాక, తొలివాన ఒకటి పడ్డాక, సంచీనిండా కట్టుగుడ్డలు పెట్టుకొని ఆ ఊరికి సైకిలు తొక్కాను. వీధిలోకి రాగానే సైకిలు దిగాను. మనిషి అలికిడి లేదు. అరుగులన్నీ ఖాళీ. తలుపులన్నీ దగ్గరికి వేసి ఉన్నాయి. ప్లేగు ఏమైనా తగిలి ఊరు ఖాళీ చేశారేమో అనుకున్నాను. అవ్వ ఒక్కతే తన ఇంటి ముందు చింతపండు గింజలు తీస్తూ కూర్చొని ఉంది.

"అవ్వా, ఊళ్లో వాళ్లంతా ఏమైనారు?"

"ఏమైతారు నాయనా? వాన పడింది గదా. అందరూ చేన్లకు పొయినారు."

"ఇంట్లో పడుకోనుండేవాళ్లు ఎవురూ లేరా?"

"పడుకొనేదానికి ఇది యాళనా?" అని నవ్వింది.

నేను సైకిలు అక్కడే పడేసి చేన్ల వైపు నడిచాను. సేద్యగాడు దుక్కి దున్నుతున్నాడు. పిలిచాను. చెయ్యి ఊపాడు గాని మడక ఆపలేదు.

"ఒక్క నిమిషం నిలబడప్పా, కాళ్లు సూడల్ల" అని అరిచాను.

"నిలబడితే ఎద్దులు మళ్లా కదలవయ్యా. పదును ఆరిపోతాది. నేను నడస్తాంటా, నువ్వు సూస్తా రా."

ఇంకేం చేస్తాను? పంచె ఎగగట్టి సాలులోకి దిగాను. అతను ఎద్దులను అదిలిస్తూ ముందు నడుస్తున్నాడు. నేను వెనకే వంగి, లేచే మడమ, పడే మడమ చూస్తూ చేను ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా నడిచాను. ఎడమ కాలు చూశాను, కుడి కాలు చూశాను, చీలమండలు చూశాను, పిక్కలు చూశాను. తడిమట్టి తప్ప వాటి మీద ఏమీ లేదు.